రెండిళ్ళ పొగ గొట్టం

కరాసు,
2003 సెప్టెంబరు

ఇర్మక్కకి,

నేను క్షేమం. ఆవు క్షేమం. ఆవు కంటే ఎక్కువ మేసే మా మరిది కాసిమ్ కూడా క్షేమం. మీ సగం ఇల్లు బాగానే ఉంది. వంటింటి కిటికీ దగ్గర సున్నం కాస్త రాలితే నేనే పూశాను. నువ్వు పూసినంత నున్నగా రాలేదు, వచ్చి చూసి తిట్టుకో.

అసలు సంగతికి వస్తాను. మన వీధికి గ్యాసు వస్తోంది. నవ్వకు, నిజంగానే. బడి దాకా కాలవ తవ్వేశారు. పచ్చరంగు గొట్టాలు రోడ్డు పక్కన పరిచారు. వాటిని చూడ్డానికి ఊళ్ళో మగవాళ్ళంతా పనీపాటా మానేసి నిలబడుతున్నారు. ఇన్నేళ్ళుగా బొగ్గు బస్తాలు మోసిన నడుము నాది. ఈ కబురు వినగానే నాకంటే ముందు అదే సంతోషించింది.

మొన్న గ్యాసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. యెర్లాన్ అని, ఇంకా మీసం కూడా సరిగ్గా రాని వాడు. నా వంటింట్లో బాయిలర్ చూశాడు, దాని పొగ గొట్టం చూశాడు, గొట్టం వెంటే గోడ దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయాడు.

“పెద్దమ్మా, ఇదేంటి? మీ గొట్టం పక్కింట్లోకి పోతోంది?”

“పక్కిల్లు కాదు నాయనా, మా అక్కావాళ్ళ ఇల్లు. చిమ్నీ వాళ్ళ వైపుంది. ఒకే కప్పు కింద రెండిళ్ళు కదా, రెంటికీ కలిపి ఒకటే కట్టారు.”

“మరి మీ అక్క ఏది?”

“జర్మనీలో ఉంది. వాళ్ళు జర్మన్లు, తాతల దేశానికి వెళ్ళిపోయారు.”

“ఆవిడ జర్మనీలో ఉంటే మీ పొగ ఆవిడింట్లోకి ఎందుకు పంపుతున్నారు?”

“ఉత్తరాలు ఆలస్యంగా చేరుతున్నాయని పంపుతున్నాను,” అన్నాను. పాపం, కాయితం మీద రాసుకోబోయి ఆగాడు.

కూర్చోబెట్టి చాయ్ పోశాను. చాయ్ పోశాక నా నోరు ఊరుకుంటుందా, పెళ్ళినాటి కథ మొదలుపెట్టాను. కొత్త కోడలు అత్తింట్లో అడుగుపెట్టగానే పొయ్యిలో కొవ్వు పోసి దణ్ణం పెట్టాలి కదా. మా అత్తగారు ఒక చెంచా పొయ్యమన్నది. నేను కంగారులో గరిటెడు గొర్రె కొవ్వు గుమ్మరించాను. మంట మట్టిపొయ్యిలోంచి లేచి చిమ్నీలో దూరి రైలింజను లాగా అరిచింది. ఆ చప్పుడుకి నువ్వు తడిగుడ్డ పట్టుకుని, జర్మన్‌లో ఏదో తిడుతూ మీ ఇంట్లోంచి ఊడిపడ్డావు. కోడలు ముసుగు ఎత్తకూడదని తెలుసు. అయినా ఎత్తి చూశాను. నేనీ ఊళ్ళో కళ్ళారా చూసిన మొదటి ముఖం నీదే. మంట ఆరిపోయాక నా చెయ్యి పట్టుకుని మీ ఇంటికి లాక్కెళ్ళి చాయ్ ఇచ్చావు. మా అత్తగారు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

యెర్లాన్ నవ్వాడు. నవ్వి, తన మాట మాత్రం వదల్లేదు. “కథ బాగుంది పెద్దమ్మా. కానీ గ్యాసు బాయిలర్ వస్తే దీంతో పనిలేదు. ఈ ఇనప గొట్టం గోడలోంచి ఊడదీసెయ్యాలి, ఆ కన్నం ఇటికతో మూసెయ్యాలి. అది నేను చూస్తేనే గ్యాసు వదులుతారు.”

అక్కా, నా బెంగ ఇదే. మీరు వెళ్ళేటప్పుడు బావ నా చేతిలో తాళంచెవి పెట్టి, “నిప్పు లేని ఇల్లు మట్టిగోడలతో నిలవదు జైనేష్, అప్పుడప్పుడు పొయ్యి వెలిగించు,” అన్నాడు. నేను వెలిగించక్కర్లేకపోయింది. నా గొట్టం మీ వంటింట్లో బారెడు దూరం నడిచి చిమ్నీలో కలుస్తుంది కదా, ఆ బారెడు చాలు, మీ ఇల్లు గడ్డ కట్టకుండా ఉండడానికి. ఇన్ని చలికాలాలు అలాగే గడిచాయి. ఇప్పుడు గొట్టం తీస్తే మీ సగం చల్లబడిపోతుంది. ఒక్క శీతాకాలం చాలు, గోడలు బీటలిస్తాయి.

ఏటా ‘వచ్చే వేసవికి వస్తాం’ అని రాస్తావు. నేను ఏటా నమ్ముతాను. ఈసారి మాత్రం నిజం చెప్పు. మీరు తిరిగొచ్చి ఇక్కడ ఉండేటట్టయితే ఆ కుర్రాణ్ణి పొమ్మంటాను, నా నడుముని ఊరుకోమంటాను, ఇంకో పదేళ్ళు బొగ్గు మోస్తాను. రానట్టయితే అదీ చెప్పు.

ఇప్పటికీ చాయ్ కాగగానే చెంచాతో గొట్టం మీద ఒక్క దెబ్బ కొడతాను. ఒక దెబ్బంటే చాయ్ అయిందని, రెండంటే వెంటనే రమ్మని. కొట్టాక కాసేపు వింటాను. అలవాటు, ఏం చెయ్యను.

గొట్టం తియ్యాల్సి వస్తే ఎలా తియ్యాలో బావని అడిగి రాయి. బిగించింది ఆయనే కదా. నీ ఉత్తరం చివర ఆయన గీసే ఆ వంకర గీతలు చూసి రెండేళ్ళయింది. ‘గొట్టంలో పొగ మూత సగమే తియ్యి, వేడి నిలుస్తుంది’ అని ప్రతిసారీ అదే ముక్క రాసేవాడు, చదివి విసుక్కునేదాన్ని. ఇప్పుడు అదీ లేదు. వేళ్ళ నొప్పులు తగ్గలేదా?

నీ జైనేష్

---

బీలెఫెల్డ్,
అక్టోబరు

పిల్లా,

ఇంకా ఎంతకాలం నన్ను ఆ తడిగుడ్డతో ఊరంతా తిప్పుతావు? ఆ రోజు నేనేమని తిట్టానో నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. చెప్పను కూడా. చెబితే అంత మంచి అక్కని కాదని తెలిసిపోతుంది.

ఇక్కడ అంతా మామూలే. మా వాటా మూడో అంతస్తులో. గోడకి తెల్లటి రేకు పెట్టె, దాని చెవి తిప్పితే వెచ్చదనం వస్తుంది. ఎక్కడినుంచి వస్తుందో ఎవరికీ తెలియదు. బొగ్గు లేదు, బూడిద లేదు, పొద్దున్నే లేచి ఊదే పని లేదు. అందుకే పొద్దున్నే లేవాలనీ అనిపించదు. ఒకసారి అలవాటు కొద్దీ ఆ పెట్టె మీద చెంచాతో కొట్టాను. కింది వాటా ఆవిడ పైకొచ్చి, చప్పుడు చెయ్యకూడని వేళల చీటీ ఒకటి చేతిలో పెట్టి పోయింది.

గ్యాసు పెట్టించుకో. నా కోసం బొగ్గు మోస్తానంటావేమిటి, నీకేమైనా మతి పోయిందా? ఆ నడుముతోనా?

గొట్టం సంగతి రైన్‌హోల్డ్‌ని అడిగాను. పెద్ద పని కాదన్నాడు. నీ వైపు నుంచి సమ్మెటతో నాలుగు దెబ్బలు వేస్తే అదే మా వైపుకి జారిపోతుందట. అయితే ఇప్పుడే తీయకపోతే ఏం? వచ్చే వేసవికి మేము తప్పకుండా వస్తాం కదా. తీసినా పర్వాలేదు. ఏమో, నీ ఇష్టం. అక్కడ ఉన్నదానివి నువ్వు, నీకే బాగా తెలుస్తుంది.

కిటికీ దగ్గర సున్నంలో కాస్త ఉప్పు కలిపావా? కలపకపోతే రాలక ఏమవుతుంది.

రైన్‌హోల్డ్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు. నిన్ను అడిగానని చెప్పమన్నాడు. కాసిమ్‌ని తక్కువ తినమన్నాడు.

ఇర్మ

---

కరాసు,
నవంబరు

ఇర్మక్కా,

నీ ఉత్తరం చదివి తీయాలా వద్దా అని పదిసార్లు మనసు మార్చుకున్నాను. ఒక్క కాయితంలోనే ‘తీయి’, ‘తీయకు’ రెండూ రాశావు. చివరికి కాసిమ్ విసుగెత్తి సమ్మెట భుజాన వేసుకుని వచ్చాడు.

“వదినా, మంచు పడకముందు కాలవ పూడ్చేస్తారు. తీయకపోయినా ముందు కదుపుదాం. కదిలితే వసంతంలో తేలిగ్గా వస్తుంది.”

“మెల్లిగా కొట్టు.”

“సమ్మెటతో మెల్లిగా ఎలా కొడతారు వదినా?”

కొట్టాడు. గోడ అదిరి, ఈ మూల నుంచి ఆ మూల దాకా సున్నం రాలింది. గొట్టం వెంట్రుకవాసి కూడా జరగలేదు. మళ్ళీ కొట్టాడు. గొట్టం చుట్టూ ఉన్న ఇనప కంకణం గోడలోకి ఇంకొంచెం కూరుకుంది. అది చూడగానే నాకు గుర్తొచ్చింది. “ఆపరా!” అని అరిచాను. సమ్మెట పట్టుకుని ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు.

అక్కా, ఆ గొట్టం బిగించిన రోజు నువ్వు ఇంట్లో లేవు, మీ అమ్మకి ఒంట్లో బాగోలేదని వెళ్ళావు. నేను బావకి దీపం పట్టుకుని నిలబడ్డాను. నా వైపు గోడకి ఆనేటట్టు గొట్టం చుట్టూ కంకణం వెల్డింగ్ చేశాడు. లోపల నిప్పుకి కాలని రాతినార తాడు కూరాడు. చేతులు దులుపుకుని, “చూడు జైనేష్, ఇది నీ వైపు నుంచి ఎంత కొట్టినా రాదు. తీయాలంటే మా ఇంట్లోకి వచ్చి, మా వైపు నుంచి నెట్టాలి. నన్ను అడక్కుండా నువ్వు దీన్ని తీయలేవు,” అని నవ్వాడు. “తీసే అవసరం నాకెందుకొస్తుంది బావా?” అన్నాను నేను.

పెళ్ళాం పుట్టినరోజు మరిచిపోతాడని నువ్వు ఎన్నిసార్లు ఏడ్చావో నాకు తెలుసు. కానీ వేసిన వెల్డింగు మరిచిపోయే మనిషి కాదాయన. సమ్మెటతో కొట్టమని బావ అనడు. నిద్రలో లేపి అడిగినా అనడు.

ఆ రాత్రి నీ పాత ఉత్తరాలన్నీ ముందు వేసుకున్నాను. రెండేళ్ళుగా ‘రైన్‌హోల్డ్ పడుకున్నాడు’, ‘రైన్‌హోల్డ్ కునుకు తీస్తున్నాడు’, ‘రైన్‌హోల్డ్ ఇప్పుడే బయటికి వెళ్ళాడు’. ఆయన మాటలన్నీ నువ్వే చెబుతున్నావు. ఒక్క మాటలోనూ ఆయన వెటకారం లేదు.

మాలో చావు కబురు ముఖాన చెప్పరని నీకు తెలుసు. మా ఆయన పొలంలో ట్రాక్టరు దగ్గర పోయినప్పుడు, చెప్పడానికి మావాళ్ళెవరికీ ధైర్యం చాలక బావని పంపారు. గుమ్మంలో టోపీ నలుపుకుంటూ నిలబడి, “జైనేష్, మీ డేగ ఎగిరిపోయింది,” అన్నాడు. జర్మన్ మనిషి, మా పద్ధతి ఎక్కడ నేర్చుకున్నాడో. ఆ ఒక్క మాటతో నాకంతా అర్థమైంది. అంత మర్యాదగా నాకు ఆ కబురు ఇంకెవరూ చెప్పలేకపోయేవారు.

ఇప్పుడు నేను నిన్ను అడుగుతున్నాను. అక్కా, మీ డేగ ఎక్కడుంది?

జైనేష్

---

బీలెఫెల్డ్,
డిసెంబరు

జైనేష్,

డేగ ఎగిరిపోయింది.

రెండేళ్ళ కిందట, జులైలో. బాల్కనీలో టమాటా మొక్కకి పుల్ల కడుతున్నాడు. “ఇర్మా, దారం అందుకో,” అన్నాడు. దారం తెచ్చేసరికి కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. పడుకున్నాడనే అనుకున్నాను. అందుకే నీకు రాసేటప్పుడు అదే మాట రాయడం వచ్చింది నాకు.

పూడ్చిన మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. ‘బావకి చెప్పు, బాయిలర్ బాగా లాగుతోంది, ఈసారి బొగ్గు మంచిది’ అని రాశావు. నేను వెళ్ళి ఆయన కుర్చీ పక్కన కూర్చుని పైకి చదివాను. చదివాక నీకు చెప్పాలని కలం పట్టుకున్నాను. మళ్ళీ కింద పెట్టేశాను. ఇక్కడ ఆయన్ని ఎవరూ ఎరగరు. అక్కడున్నన్నాళ్ళూ మమ్మల్ని జర్మన్లన్నారు. ఇక్కడికొచ్చాక రష్యావాళ్ళంటున్నారు. మెట్ల మీద ఎదురుపడే పాత మాటతీరు ముసలాయన, అంతే ఆయన వీళ్ళకి. చేతులకి మసి పూసుకుని, అందర్నీ ఆటపట్టిస్తూ తిరిగే రైన్‌హోల్డ్ నీ ఉత్తరాల్లో ఒక్కచోటే బతికున్నాడు. నీకు చెబితే అక్కడ కూడా పోతాడు. ఆ ఒక్కచోటైనా ఉండనిద్దామనుకున్నాను.

ఇంకోటి కూడా ఉంది. నీకు తెలిస్తే ఊరుకోవు. ఏడవడానికి ఆవుని అమ్ముకునైనా బయల్దేరతావు. 

సమ్మెట మాట నేనే కల్పించాను. ఇన్నేళ్ళు ఆ గొట్టం పక్కన నిలబడి వంట చేశాను గాని, అదెలా బిగించావని ఆయన్ని ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే ఎంత సంతోషించేవాడో. గంటసేపు చెప్పేవాడు.

నువ్వు నిజం చెప్పమన్నావు. నేను తిరిగి రాను జైనేష్. ఇక్కడ నాకు బాగుండి కాదు. ప్రతి రాత్రి కళ్ళు మూసుకుంటే మన వాకిలే. కుక్క మొరిగిందంటే ఎవరింటి కుక్కో చెప్పగలను. బొగ్గు పొగ వాసన ఒక్కసారి తగిలితే చాలని రోడ్డు మీద ఆగి గాలి పీలుస్తాను, ఇక్కడ ఏ వాసనా రాదు. కానీ ఆయన ఇక్కడున్నాడు. తెలియనివాళ్ళ మధ్య, వరసలో పడుకుని ఉన్నాడు. మా పిల్లలు ఇక్కడికి రమ్మంటే నేను ఆయన్ని పదమన్నాను, నేను పదమంటే ఆయన వచ్చాడు. తనకై తాను వచ్చినవాడు కాదు. అలాంటివాణ్ణి ఇక్కడ ఒంటరిగా వదిలి నేను మన ఊళ్ళో చాయ్ తాగుతూ ఎలా కూర్చోను?

గొట్టం తీసెయ్యి. ఆయన చెప్పినట్టే, మా వైపు నుంచి. తాళంచెవి నీ దగ్గరే ఉంది.

ఇర్మ

---

కరాసు,
2004 జనవరి

ఇర్మా,

ఈసారి క్షేమాలు రాయను. అక్కా అని కూడా పిలవను, కోపంగా ఉన్నాను.

మా ఆయన పోయినప్పుడు నువ్వు నా మెడ చుట్టూ చేతులు వేసి నాతో సమానంగా ఏడ్చావు. నలభై రోజులూ మా ఇంట్లో వంట నువ్వే చేశావు. గడ్డ కట్టిన నేల తవ్వడానికి బావ రాత్రంతా శ్మశానంలో బొగ్గు మంట వేసి కాపలా కాశాడు. మీ వంతు వచ్చినప్పుడు నన్ను రానివ్వలేదు. సరే, రాలేను. కానీ ఇక్కడైనా ఏడ్చేదాన్ని కదా? రెండేళ్ళు నేను ‘బావా, బావా’ అని వెటకారాలు రాస్తూ కూర్చున్నాను. చచ్చిపోయిన మనిషిని వేళ్ళ నొప్పులు తగ్గాయా అని అడిగాను. నన్ను ఎంత పిచ్చిదాన్ని చేశావే!

నీ ఉత్తరం వచ్చిన రోజు వాకిట్లో నిలబడి గొంతెత్తి ఏడ్చాను, మా పద్ధతిలో, పాట కట్టి. ఎదురింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. “ఎవరికేమైంది?” అంటే “మా బావ పోయాడు” అన్నాను. “ఎప్పుడు?” అన్నారు. “ఇప్పుడే” అన్నాను. నాకు ఇప్పుడే కదా.

శుక్రవారం ఆయన పేరున ఏడు షెల్పెక్ రొట్టెలు నూనెలో కాల్చాను. కాగిన నూనె వాసన పోయినవాళ్ళకి చేరుతుందంటారు. ఆయనకి రెండేళ్ళుగా చేరలేదు, అందుకని పిండి ఎక్కువే కలిపాను. ముల్లాగారిని పిలిస్తే గుమ్మంలో కాస్త తటపటాయించారు.

“జైనేష్, ఆయన మనవాడు కాదు కదమ్మా. ప్రార్థన చదవొచ్చా అని...”

కాసిమ్ అప్పటికే నోట్లో రొట్టె పెట్టుకుని ఉన్నాడు. “మసీదులో పొయ్యి కట్టిందెవరనుకున్నారు ముల్లాగారూ? మీ నడుము వెచ్చగా ఉంటోందంటే ఆయన చలవే.”

ముల్లాగారు చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. “చదవడం నా పని. ఎవరికి చేరాలో చూసుకోవడం పైవాడి పని,” అని కూర్చుని చదివారు. చాలా బాగా చదివారు.

అందరూ వెళ్ళాక బాయిలర్‌లో ఆఖరిసారి బొగ్గు వేశాను. పొగ మూత సగమే తీశాను. గరిటెడు గొర్రె కొవ్వు కరిగించి నిప్పులో గుమ్మరించాను, నా పెళ్ళినాడు పోసినట్టే. మంట గొట్టంలో పడి, గోడలోంచి మీ ఇంట్లోకి అరుచుకుంటూ పోయింది. బయటికి వచ్చి చూస్తే మీ చిమ్నీలోంచి నల్లటి పొగ నిటారుగా లేస్తోంది. ఎవరూ తడిగుడ్డ పట్టుకుని రాలేదు. చాలాసేపు మీ గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను అక్కా. వస్తావనిపించింది.

మర్నాడు బాయిలర్ చల్లారాక కాసిమ్‌తో మీ వైపు వెళ్ళాను. తాళం తీసి, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. చిమ్నీ దగ్గర అతుకు ఊడదీసి, గొట్టం చుట్టూ సిమెంటు ఉలితో గీకాం. రాతినార తాడు లాగితే ముక్కలుగా వచ్చింది. కాసిమ్ గొట్టం చివర చెక్క ఆనించి భుజంతో నెట్టాడు. బావ చెప్పినట్టే అది బుద్ధిగా నా వంటింట్లోకి జారిపోయింది. ఒక్క దెబ్బ కూడా వెయ్యక్కర్లేకపోయింది.

మసి దులిపాక కన్నంలోంచి చూశాను. నా వంటిల్లు కనిపించింది. నా కెటిల్, నా కుర్చీ, కుర్చీ మీద నా శాలువా. మా వైపుకి వచ్చి చూస్తే నీ కిటికీ, నువ్వు ఏప్రన్ తగిలించే మేకు. ఇన్నేళ్ళూ ఈ గోడలోంచి నీ చప్పుళ్ళు విన్నాను గాని ఎప్పుడూ చూడలేదు. నువ్వక్కడ నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నట్టు ఊహించుకున్నాను. అప్పుడు కోపం పోయింది.

కాసిమ్ ఇటికలు తెచ్చాడు. నేను “రేపు మూద్దాం” అన్నాను. మర్నాడూ అదే అన్నాను. మూడోనాడు యెర్లాన్ వచ్చి, ఆ కన్నం చూసి, నా ముఖం చూసి, “పెద్దమ్మా, నేను ఇవాళ రాలేదనుకోండి, సోమవారం వస్తాను,” అని వెళ్ళిపోయాడు. మంచి పిల్లవాడు. ఆదివారం మూసేశాం.

గ్యాసు వచ్చింది. చప్పుడు లేకుండా మండుతోంది. గోడ మీద చెంచాతో కొట్టి చూశాను, ఇటిక పలకదు.

మీ ఇంట్లో రాత్రి కుండలో నీళ్ళు గడ్డ కట్టాయి. ప్రస్తుతానికి నేను వెళ్ళి మీ పొయ్యి వెలిగించి వస్తున్నాను. కానీ రెండు నిప్పులు చూసే ఓపిక నాకు ఎన్నాళ్ళుంటుంది? ఇల్లు ఏం చెయ్యమంటావు? అమ్మమంటే అమ్ముతాను, కూలనిమ్మంటే మాత్రం నావల్ల కాదు. 

గొట్టంలోని పొగ మూత ఊడదీసి, మసి కడిగి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. బావ దగ్గర పెట్టు. పూలు అక్కడ ఎవరైనా పెడతారు.

నీ జైనేష్

---

బీలెఫెల్డ్,
ఫిబ్రవరి

పిల్లా,

ఇన్నాళ్ళకి నేను కూడా ఏడ్చాను. ఇక్కడ ఆ రోజు ఏడవలేదు. అందరూ గుసగుసగా మాట్లాడుతుంటే నేనూ గుసగుసగానే మాట్లాడాను. నీ ఉత్తరం చదువుతూ మాత్రం నీలాగే గట్టిగా ఏడ్చాను. కింది వాటా ఆవిడ పైకొచ్చింది. ఈసారి చీటీ తేలేదు. ఏమైందని అడిగింది. “మా ఆయన పోయాడు,” అన్నాను. కూర్చుంది.

పొగ మూత తీసుకెళ్ళి ఆయన తల దగ్గర పెట్టాను. దాన్ని సగమే తెరిచి పెట్టాను. తోటమాలి వచ్చి అదేమిటని అడిగాడు. ఆయన చేసిందని చెప్పాను. అక్కడ ఆయన చేసింది ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఇల్లు అమ్మకు. కూలనివ్వకు. పొయ్యి వెలిగించుకునేవాళ్ళు ఎవరున్నారో చూసి ఇచ్చెయ్యి. ఊరికే ఇచ్చెయ్యి. ఒక్కటే నా కోరిక, గ్యాసు వాళ్ళ దాకా వచ్చేలోపు కొన్నాళ్ళయినా ఆ చిమ్నీలోంచి పొగ రావాలి. మనవాళ్ళు ఊళ్ళో ఇళ్ళు లెక్క చెప్పేటప్పుడు ఎన్ని పొగలని కదా చెబుతారు. మన రెండిళ్ళకీ ఒకటే పొగని మీ మామగారు అనేవాడు. ఆ ఒక్కటీ పోనివ్వకు.

నేను రాలేను. రావాలని లేక కాదు. ఇది ఇంకోసారి చెప్పించకు.

నీ అక్క

---

కరాసు,
ఏప్రిల్

అక్కా,

నేను క్షేమం, ఆవు ఈనింది, కాసిమ్ ఇంకా తింటున్నాడు.

మీ ఇల్లు బడికి కొత్తగా వచ్చిన మేష్టారికి ఇచ్చాను. నిన్ననే పెళ్ళి చేసుకుని పిల్లని తెచ్చుకున్నాడు. ఆక్బోతా అని, నాజూగ్గా, గాలికి ఎగిరిపోయేటట్టుంది. ఆ అబ్బాయికి తల్లి లేదు. అందుకని అత్తగారి బాధ్యత నా మీద పడింది. ముసుగు వేసుకున్న పిల్లని మీ వంటింట్లో పొయ్యి ముందు నిలబెట్టి, కొవ్వు గిన్నె చేతికిచ్చి, “ఒక చెంచా చాలమ్మా,” అని మరీ మరీ చెప్పాను. చెప్పి, చాయ్ సంగతి చూద్దామని నా ఇంట్లోకి వచ్చాను.

కెటిల్ ఇంకా దించలేదు. గోడ అవతల రైలింజను అరిచినట్టు అరిచింది. గొట్టం లేకపోయినా, కన్నం మూసేసినా వినబడింది. నాకు వెంటనే తెలిసిపోయింది. మొత్తం గిన్నె పోసేసింది!

తడిగుడ్డ ఎప్పుడు చేతిలోకి వచ్చిందో, ఈ నడుముతో ఎలా పరిగెత్తానో తెలియదు. పొయ్యి నోటి దగ్గర గుడ్డ అడ్డం పెట్టి మంట అణిచాను. ఇల్లంతా పొగ. బయట చూసినవాళ్ళు చెప్పారు, మీ చిమ్నీలోంచి వచ్చిన పొగ బడి దాకా పరుచుకుందట. ఆ పిల్ల గోడకి అతుక్కుపోయి వణుకుతోంది. తిడదామని నోరు తెరిచాను. వచ్చింది నా మాట కాదు. నువ్వు ఆ రోజు తిట్టిన ఆ జర్మన్ తిట్టు, ఆ వరసలోనే, ఒక్క అక్షరం తప్పకుండా నా నోట్లోంచి వచ్చింది. అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. అది నాలో ఇన్నాళ్ళూ ఉందనీ తెలియదు.

ఆ పిల్ల ముసుగు ఎత్తి నన్ను చూసింది. ముఖమంతా మసి, కళ్ళ నిండా నీళ్ళు.

“అత్తా, ఏమన్నారు? అదేం భాష? దాని అర్థం ఏంటి?”

నేను తడిగుడ్డ అవతల పెట్టి తన చెయ్యి పట్టుకున్నాను.

“రా, మా ఇంటికి వచ్చి చాయ్ తాగు, అని అర్థం,” అన్నాను.

నీ జైనేష్